మా ఇంటి ప్రొజెక్టరు

మేము ఇద్దరు అన్నదమ్ములము. పెద్దవాడు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు. చిన్నవాడికి కర్నూలు పాతబస్తీలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉన్నది. ఇప్పటికీ ఒకే ఇంట్లో, ఒకే వంటింటి మీద మా కాపురాలు సాగుతున్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. ఈ వ్యాసంలో జరిగిన తప్పులు ఇద్దరివీ గనుక, ఎవరు ఏది చేశారన్న వివరం అవసరమైనచోట తప్ప ‘మేము’ అనే వ్రాస్తున్నాము.

2022 చలికాలంలో మా ఇంటి టీవీ చెడిపోయింది. దాన్ని బాగుచేయించాలన్న తొందర ఎవరికీ కలగకపోవడం మాకు ఆశ్చర్యం కలిగించింది. కారణం త్వరలోనే తెలిసింది. ఇషా నమాజు అయి, భోజనాలు ముగిసిన తరువాత పిల్లలు ఐదుగురూ ఐదు మూలల్లో ఉండేవారు. ఎవరి చేతిలోని ఫోను వారిది. ఒక మూల నవ్వు వినిపిస్తే రెండవ మూలవారికి ఎందుకో తెలియదు. అందరూ ఒకే గోడవైపు చూసేలా ఏదైనా ఉంటే బాగుండునని మా ఆడవాళ్ళు అన్నారు. గ్రహణాలను, గ్రహాలను, కటకాలలో కాంతి నడిచే తీరును పెద్దగా చూపించి పాఠం చెప్పాలన్నది పెద్దవాడి పాత కోరిక. అలా ప్రొజెక్టరు ప్రస్తావన వచ్చింది.

పెద్ద దుకాణంలో విచారిస్తే నిజమైన హై డెఫినిషన్ ప్రొజెక్టరు అరవై వేలకు తక్కువ రాదన్నారు. ఐదారు వేలకు దొరికేవి కూడా ఉన్నాయి. పెట్టెమీద ‘ఫుల్ హెచ్‌డీ’ అనే అక్షరాలు పెద్దవిగానే ఉంటాయి. కొనదలచినవారు ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి: ఆ యంత్రం హెచ్‌డీ చిత్రాన్ని స్వీకరిస్తుందా, లేక లోపలి పలకలోనే అన్ని చుక్కలు ఉన్నాయా? చాలా చౌక యంత్రాలు పెద్ద చిత్రాన్ని తీసుకొని, దాన్ని కుదించి, తక్కువ చుక్కల పలకమీద చూపిస్తాయి. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం 20,73,600. అన్ని చుక్కలు గల పలక ల్యాప్‌టాప్ తెరగా ఎంతో చౌకగా దొరుకుతున్నప్పుడు, దాని వెనుక దీపం, ముందు కటకం పెట్టుకుంటే సరిపోదా అని మాకు తోచింది. ఆ ఆలోచన తప్పు కాదు గాని, ‘సరిపోదా’ అన్నంత తేలికా కాదు.

మొదట చిన్నవాడు తన దుకాణంలో పడి ఉన్న పాత ఫోన్ల తెరలతో ప్రయత్నించాడు. సగం ఫోన్ల తెరలు పనికిరాలేదు. అమోలెడ్ తెరలోని ప్రతి చుక్కా స్వయంగా వెలుగుతుంది. వెనుకనుంచి దీపం వేస్తే దాని గుండా వెలుతురు రాదు. ఎల్‌సీడీ తెర మాత్రమే కిటికీ అద్దంవలె కాంతిని సాగనిస్తుంది. అయితే ఫోను ఎల్‌సీడీకి నేరుగా హెచ్‌డీఎంఐ తీగ తగిలించడం కుదరదు. మధ్యలో దానికే సరిపడే బోర్డు కావాలి. ఆ బోర్డు ధర పలక ధరకు ఎన్నో రెట్లు ఉండటంతో ఫోన్లను ప్రక్కన పెట్టాము.

దారి చూపినది పాత సామాన్ల కొట్టు. అక్కడ దుమ్ము కొట్టుకుపోయిన ఒక ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు కనబడింది. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితంమీద వ్రాసి గోడమీద చూపే ఆ యంత్రాన్ని శిక్షణ కళాశాలల్లో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. దీపం లేదు, ఫ్యాను తుప్పు పట్టింది. కాని మాకు కావలసిన మూడు వస్తువులూ క్షేమంగా ఉన్నాయి: చతురస్రపు గాజుబల్ల, దానిక్రింద వలయాలు వలయాలుగా గీతలున్న ఫ్రెనెల్ కటకం, పైన స్తంభానికి అమర్చిన అద్దంతో కూడిన తలకటకం. 600 రూపాయలకు ఇంటికి తెచ్చాము. బల్ల కొలత 28.5 సెంటీమీటర్లు. 12.5 అంగుళాల ల్యాప్‌టాప్ పలక వెడల్పు 27.7 సెంటీమీటర్లు. ఇంతకంటె సరిగా అమరే జోడీ దొరకదు.

హైదరాబాదు వెళ్ళి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన పలక ఒకటి 1,500కు, దానికి తగిన హెచ్‌డీఎంఐ బోర్డు 1,900కు, కోఠి గుజరాతీ గల్లీలో 100 వాట్ల ఎల్‌ఈడీ, దాని డ్రైవరు, చిన్న గాజు కటకం కొని రాత్రి బస్సుకు తిరిగి వచ్చాము.

ఆ పలకను మరునాడే పాడుచేశాము.

ల్యాప్‌టాప్ పలక వెనుక దాని సొంత దీపపు పొరలు ఉంటాయి: తెల్లని ప్రతిఫలన కాగితం, దట్టమైన ప్లాస్టిక్ పలక, రెండు మూడు పలుచని పొరలు. ఇవన్నీ తొలగిస్తేనే అది పారదర్శకమవుతుంది. పలక అంచున ఒక సన్నని సర్క్యూటు పట్టీ మడిచి అతికించి ఉంటుంది. దాన్ని విప్పేటప్పుడు తొందరపడ్డాము. ఎక్కడో వెంట్రుకకంటె సన్నని తీగ తెగింది. తెరమీద నిలువునా ఆకుపచ్చ చారలు వచ్చి నిలిచిపోయాయి. ఆ 1,500 పెద్ద కోడలి చీటీ డబ్బులోనివి. ఆమె ఒక్క మాటా అనలేదు; అన్నదమ్ములమే అనుకున్నాము, ఒకరినొకరం, పిల్లలు వింటూ ఉండగా. రెండు రోజులు మాటలు లేవు. రెండవ పలకను ముఖానికి గుడ్డ కట్టుకొని, వేడి గాలితో జిగురు మెత్తబరచి, మూడు గంటలు కూర్చొని విప్పాము.

ఇదంతా జరుగుతున్నప్పుడు అబ్బా వరండాలో తన మంచంమీదనే ఉండేవారు. ఒక్కసారి కూడా లోనికి వచ్చి చూడలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మాకు ఇష్టంలేని సంగతి ఒకటి చెప్పాలి.

మా అబ్బా 1978 నుంచి 2011 వరకు ఒక సినిమా థియేటరులో ప్రొజెక్టరు ఆపరేటరు. ముప్ఫై మూడేళ్ళు మా అన్నం ఆ పనిమీదనే వచ్చింది. కాని ఆ సంగతి మేము ఎవరికీ చెప్పేవారము కాము. మసీదులో ఎవరైనా అడిగితే ‘కరెంటు పని’ అనేవారము. మాలో పెద్దవాడి నిశ్చితార్థం నాడు ఆడపిల్లవారు అడిగితే ‘ఎలక్ట్రీషియన్’ అన్నాము. అబ్బా ఆ గదిలోనే ఉన్నారు. వారు వెళ్ళిన తరువాత, “అబద్ధం కాదులే బేటా. ఆపరేటరు లైసెన్సు ఇచ్చేది కూడా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరే” అని మాత్రం అన్నారు. ఆయన మమ్మల్ని తప్పించడానికి అన్న మాట అది. మేము దాన్ని పట్టుకొని తప్పించుకున్నాము కూడా.

అమ్మీ ఏనాడూ ఆ థియేటరు గడప తొక్కలేదు. సెకండ్ షో ముగిసి ఆయన వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటేది. ఆ వేళకు లేచి అన్నం పెట్టేది. చేతులమీద కాలిన మచ్చలకు ఆముదం రాసేది. అవి ఎలా కాలాయో అడిగేది కాదు. ఆయనా చెప్పేవారు కాదు. థియేటర్లకు డిజిటల్ యంత్రాలు వచ్చి, రీళ్ళు ఆగిపోయాక, ఆయనతో అవసరం తీరింది. 2009 అక్టోబరు వరదలో మా ఇల్లు మునిగి, నీరు తీసిన తరువాత ఆయన మొట్టమొదట ఎండబెట్టినది ఆ లైసెన్సు కాగితాన్ని. ఇంటి కాగితాలు తడిసి ముద్దయి ఉంటే ఈయన దీన్ని పట్టుకున్నారేమని అప్పట్లో మేము విసుక్కున్నాము. ఆ బురద మరక దానిమీద ఇప్పటికీ ఉన్నది.

ఇక మా పెట్టె విషయం. రెండవ పలక గాజుబల్లమీద అమరింది. క్రింద హాలోజన్ దీపం ఉండవలసిన చోట ఎల్‌ఈడీని బిగించాము. అసలు యంత్రంలో వాడే హాలోజన్ దీపాన్నే పెట్టి ఉంటే ఆ వేడికి పలక నల్లబడిపోయేది. ఎల్‌ఈడీకి వేడి తక్కువే గాని లేకపోలేదు. బొటనవ్రేలంత చోట వందకు పైగా వాట్ల విద్యుత్తు దిగుతుంది. అందులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. దాన్ని పాత కంప్యూటరులోని అల్యూమినియం రెక్కల దిమ్మకు బిగించి, ఫ్యాను తగిలించాము. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఫ్యానుకు ఒక స్విచ్, దీపానికి ఒక స్విచ్ పెట్టాము.

తొలిసారి వెలిగించిన రాత్రి అందరం గోడవైపే చూస్తున్నాము. గోడమీద మసకగా ఏదో కదులుతున్నది. అక్షరాలు కుడినుంచి ఎడమకు తిరగబడి ఉన్నాయి. పిల్లలు “ఉర్దూలా వస్తోంది” అని నవ్వుతున్నారు. అంతలో వరండానుంచి అబ్బా కేక వినిపించింది: “ఆపండి! దీపం ఆపండి!” మేము ఏమిటని తిరిగేలోపే ఆయన గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చి ప్లగ్గు లాగేశారు. అప్పుడు మాకు వాసన తెలిసింది. ఫ్యాను స్విచ్ వేయనేలేదు. దిమ్మమీద నీటి చుక్క వేస్తే సుయ్‌మన్నది. మరొక నిమిషం ఆగి ఉంటే ఏమి జరిగేదో చెప్పలేము. క్రింది చెక్క అప్పటికే రంగు మారి ఉన్నది.

ఆయనకు ఊపిరి ఆడటంలేదు. కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చాము. కాసేపటికి, “క్యాబిన్‌లో ముందు గాలి, తరువాత వెలుగు. ఇది మొదటి రోజే చెబుతారు. మీకు ఎవరు చెబుతారు?” అన్నారు. మేము తలలు వంచుకొని నిలబడ్డాము. ఆయన మమ్మల్ని కోప్పడుతున్నారా, లేక తమను అడగనందుకు బాధపడుతున్నారా అన్నది మాకు ఆ క్షణాన తెలియలేదు. తరువాత తెలిసింది.

మరునాటినుంచి ఆయన కుర్చీ పెట్టె ప్రక్కన పడింది. రెండు స్విచ్‌లు తీసేయించి ఒక్కటే పెట్టించారు. దిమ్మ వేడి మితిమీరితే దీపం దానంతట అదే ఆరిపోయే చిన్న థర్మల్ స్విచ్ పెట్టించారు. పలకను బోర్లించి పెట్టినందువల్లనే అక్షరాలు తిరగబడ్డాయని ఒక్క చూపులో చెప్పారు. “రీలు కూడా అంతే. తలక్రిందులుగా ఎక్కిస్తాము. నేరుగా ఎక్కిస్తే హీరో తలమీద నడుస్తాడు” అన్నారు. మా పెద్దవాడి కూతురు, ఎనిమిదవ తరగతి పిల్ల, “దాదా, మీరు రీలు వేసేవారా?” అని అడిగింది. ఆ పిల్లకు పదమూడేళ్ళు వచ్చినా ఈ సంగతి తెలియదు. ఆయన మావైపు చూశారు. మేమే చెప్పాము, అవునని.

ఆ తరువాత ఆయన చెప్పినవి ఎన్నో. కార్బన్ కడ్డీలు రెండు ఎదురెదురుగా పెట్టి, మధ్య నిప్పు రగిలించి, కాలిపోతున్నకొద్దీ వాటిని దగ్గరకు జరుపుతూ ఉండాలట. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతుందట. తెర కుడిపై మూలలో చిన్న చుక్క కనబడగానే రెండవ యంత్రానికి మారాలట. ఆ చుక్క తప్పిపోతే జనం ఈలలు వేస్తారట. ఫిల్ము ఎక్కడైనా చిక్కుకొని ఆగితే ఆ వేడికి బొమ్మ నడుమ గోధుమరంగు పుండులా లేచి కరిగిపోవడం తెరమీద అందరికీ కనబడుతుందట. చేతులమీద మచ్చలు వేడి కార్బన్ ముక్కలవి. అమ్మీ వంటింటి గడపలో నిలబడి ఇదంతా విన్నది.

ఆయన చేసిన అసలు మేలు వేరొకటి ఉన్నది. మా వెలుగు గోడమీద సమానంగా పడటంలేదు. నడుమ తెల్లగా, అంచులు గోధుమరంగుగా, ఒక మూల నీలంగా ఉండేది. దీపం బలం చాలలేదని తలచి ఇంకా పెద్ద ఎల్‌ఈడీ కొనాలనుకున్నాము. ఎల్‌సీడీ పలకకు వెనుకనుంచి పడిన కాంతిలో పదవ వంతు కూడా బయటికి రాదు. పోలరైజరు పొర సగాన్ని మ్రింగుతుంది, రంగుల జల్లెడ మిగిలినదానిలో చాలా మ్రింగుతుంది. ఇది భౌతికశాస్త్రం చదివినవాడి లెక్క. అబ్బా లెక్క వేయలేదు. పలక తీసేయమన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టించుకొని, తెల్ల కాగితం ఒకటి తలకటకం దగ్గర పట్టుకొని, దీపం వెలిగించమన్నారు. కాగితంమీద ఎల్‌ఈడీ బింబం పసుపుపచ్చని చతురస్రంగా పడింది, కటకంలో సగం, బయట సగం. “వెలుగు అంతా బయటికి పోతున్నది. కొత్త దీపం ఎందుకు?” అన్నారు. చిన్నవాడు దిమ్మను మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరిపాడు; ఆయన కాగితం చూస్తూ “పైకి, ఇంకొంచెం, చాలు, ఎడమకు” అంటూ వచ్చారు. బింబం కటకం నడుమకు వచ్చి ఇమిడిపోయేసరికి గోడమీది గోధుమరంగు మాయమయింది. కార్బన్ రోజుల్లో కూడా తెర అంచు రంగు చూసే కడ్డీ ఎటు జరిగిందో పోల్చుకునేవారట.

పాఠం చెప్పేవాడికి అప్పుడు ఇబ్నుల్ హైసమ్ గుర్తుకు వచ్చారు. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టి, కైరోలో 1040 ప్రాంతంలో మరణించిన ఆ మహనీయుడు తన ‘కితాబుల్ మనాజిర్’లో ఒక తేలికైన ప్రయోగం వివరించారు. చీకటి గదికి ఒక చిన్న రంధ్రం. బయట వేర్వేరు చోట్ల దీపాలు. లోపలి గోడమీద ఎన్ని దీపాలకు అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపాన్ని కప్పితే దాని మచ్చ ఒక్కటే పోతుంది. కాంతులు రంధ్రంలో కలిసినా కలగాపులగం కావు, ఎవరి గీతను వారు విడువరు అని దీనివల్ల తేలుతుంది. అట్టపెట్టెతో, మూడు క్రొవ్వొత్తులతో పిల్లలకు ఇది చేసి చూపాము. అబ్బా కూడా వంగి చూసి, “ఇది మా క్యాబిన్ కిటికీయే కదా” అన్నారు.

కొలతలు కావలసినవారికి: తలకటకాన్ని ఎండలో పట్టి కొలిస్తే నాభ్యంతరం 31.5 సెంటీమీటర్లు వచ్చింది. గోడ కటకానికి 2.5 మీటర్ల దూరంలో ఉన్నది. పలకకు, కటకానికి మధ్య 36 సెంటీమీటర్లు. చిత్రం ఏడు రెట్లకు కొంచెం తక్కువగా పెరిగి, గోడమీద 192 సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది. పలకను ఫ్రెనెల్ కటకానికి ఆనించి పెట్టరాదు. వలయాల గీతలు చిత్రంలో కనబడతాయి, వేడి కూడా పలకకు నేరుగా తగులుతుంది. కొద్దిపాటి ఎడమిస్తే గాలి ఆడుతుంది. పెట్టె లోపల నల్లరంగు పూయాలి. వెలిగే ఎల్‌ఈడీని పిల్లలు నేరుగా చూడకుండా కట్టుదిట్టం చేయాలి. కరెంటు కనెక్షన్లు తెలిసినవారిచేతనే చేయించాలి. పాడైన పలకతో, రంగుతో, బస్సు చార్జీలతో కలిపి మాకు మొత్తం 7,400 అయింది. అరవై వేల యంత్రమంత వెలుగు దీనికి లేదు. దీపాలన్నీ ఆర్పితేనే బొమ్మ నిండుగా ఉంటుంది. పలకమీది మసక పూతవల్ల అక్షరాల అంచులు ఒక పిసరు మెత్తబడతాయి. ఫ్యాను మోత ఉన్నది.

అమ్మీకి మొదట ఇది ఇష్టం లేదు. “ఇంటిని టాకీసు చేస్తారా? నమాజు చదివే గది ఇది” అన్నది. ఆమె మాటను మేము కాదనలేదు. నమాజు గది గోడ విడిచి, వరండా ప్రక్క గదికి మార్చాము. ఏది చూపాలో పెద్దలే నిర్ణయించాలని, రాత్రి పదింటికి ఆపాలని ఆమె పెట్టిన షరతులకు ఒప్పుకున్నాము. మొదటి ప్రదర్శనకు ఏమి పెట్టాలన్న చర్చ సాగుతుండగా కువైట్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరనుంచి వీడియో వచ్చింది. ఏడు నెలల బిడ్డ మొదటిసారి బోర్లాపడి, తల ఎత్తి చూస్తున్నది. అదే పెట్టాము. ఫోను నిలువుగా పట్టి తీసినది గనుక అంత వెడల్పు గోడలో నడుమ ఒక పట్టీ మాత్రమే నిండింది, రెండువైపులా చీకటి. హై డెఫినిషన్ కోసం పడిన పాట్లన్నీ తలచుకొని చిన్నవాడు నొచ్చుకున్నాడు. అమ్మీ మాత్రం లేచి గోడ దగ్గరకు వెళ్ళింది. ఆమె ఇంకా ఎత్తుకోని మనుమరాలి ముఖం గోడమీద ఆమె ముఖంకంటె పెద్దదిగా ఉన్నది. చేయి చాచితే బిడ్డ ఆమె చేతిమీదకు వచ్చింది. తిరిగి, వెలుగు వస్తున్న వైపు చేయి అడ్డం పెట్టుకొని చూస్తూ, చీకట్లో పెట్టె ప్రక్కన ఉన్న అబ్బాతో, “మీరు ఇన్నేళ్ళూ కూర్చున్నది ఇలాగేనా?” అని అడిగింది.

“నిలబడేవాడిని. కూర్చోవడానికి వీలుండేది కాదు” అన్నారు ఆయన.

ఆ వారమే పెద్దవాడి అత్తమామలు వస్తే, యంత్రం సంగతి వచ్చినప్పుడు, అబ్బా చేసిన ఉద్యోగం ఏదో ఆయన ఎదుటనే చెప్పాము. పెద్దాయన కొంచెంసేపు మౌనంగా ఉండి, తాము కూడా చిన్నప్పుడు ఇంట్లో తెలియకుండా ఆ థియేటరుకు వెళ్ళేవారమని, ఒకసారి బొమ్మ కాలిపోతే ఈలలు వేసినవారిలో తామూ ఉన్నామని చెప్పారు. అబ్బా “ఏ సంవత్సరం?” అని అడిగారు. ఆ తరువాత వారిద్దరినీ భోజనానికి లేపడం కష్టమైంది.

ఇప్పుడు పెట్టెకు ఒక నోటుపుస్తకం ఉన్నది. క్యాబిన్‌లో వ్రాసినట్లే ఆయన ప్రతి రాత్రీ తారీఖు, వెలిగించిన వేళ, ఆర్పిన వేళ, దీపం మొత్తం ఎన్ని గంటలు నడిచిందో వ్రాస్తారు. మొదటి పుటలో తమ పేరు, దానిక్రింద ‘ఆపరేటరు’ అని, ఆ ప్రక్కన లైసెన్సు నంబరు వ్రాసుకున్నారు. నిన్నటి పద్దు ఇది: 2 గంటల 10 నిమిషాలు. సూర్యగ్రహణం పాఠం. ఫ్యాను శబ్దం చేస్తున్నది, నూనె వేయవలెను.